రాత్రి పదింటి చాయ్



పోయిన నెల తల్లిదండ్రుల సమావేశంలో పదో తరగతి పాప తల్లి ఒకామె ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోయి ఆగి అడిగింది. "సార్, రాత్రి పది కాంగనే పిల్లకు కండ్లు మూతలు పడుతున్నయంటది. చదివేది ఇంకా మస్తు ఉంటది. అందుకని జర చిక్కగ చాయ్ పెట్టిస్తున్న. తప్పా సార్?"

ఆమె వెనక ఇంకో పది మంది నిలబడి ఉన్నారు. "ఎక్కువ ఇవ్వకండమ్మా" అని ఒక్క మాట చెప్పి పంపించేశాను. జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, అంతకంటే మంచి జవాబు ఇవ్వాల్సింది. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఆమె కోసమే కాదు, అడగకుండానే ఇంట్లో అదే పని చేస్తున్న మనందరి కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువుకునే పిల్లలకు రాత్రిపూట చాయ్, కాఫీ ఇస్తే వాళ్లు ఇంకో గంట మేలుకుంటారు, కానీ చదివింది తలలో నిలిచే గంటలను పోగొట్టుకుంటారు. పొగాకు సంగతి అంతకంటే పెద్దది. అందులో కొంచెం, ఎక్కువ అనే లెక్కే లేదు. ఈ రెండు అలవాట్లకూ చాలాసార్లు మొదటి మెట్టు బయట ఎక్కడో ఉండదు, మన ఇంట్లోనే ఉంటుంది.

చాయ్ బలం ఇవ్వదు, అలసటను దాస్తుంది

మెదడు పనిచేస్తున్నంతసేపూ అందులో అడెనోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పోగవుతుంది. పొద్దున లేచేసరికి తక్కువగా ఉంటుంది, రాత్రికి బాగా పెరుగుతుంది. మెదడు కణాల మీద దాని కోసమే కొన్ని చోట్లు ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటాం. అడెనోసిన్ వెళ్లి వాటిలో కూర్చుంటే కణాలు నెమ్మదిస్తాయి, ఆవలింతలు వస్తాయి, కళ్లు మూతలు పడతాయి. "ఇక చాలు, పడుకో" అని మెదడు చెప్పే తీరు అది. నిద్రపోయినప్పుడే ఆ పోగు మళ్లీ తగ్గుతుంది.

చాయ్‌లో, కాఫీలో ఉండే కెఫిన్ ఆకారంలో అడెనోసిన్‌ను పోలి ఉంటుంది. అందుకే అదే చోట్లో ఇరుక్కోగలదు. మన జోగిపేట బస్టాండులోకి సంగారెడ్డి బస్సు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటారు. దస్తీ ప్రయాణం చేయదు, కానీ అది ఉన్న సీట్లో ఇంకొకరు కూర్చోలేరు. కెఫిన్ అలాంటి దస్తీ. అది వచ్చిందని అడెనోసిన్ ఎటూ పోదు. బస్సులో నిలబడే ఉంటుంది, పైగా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. దస్తీలు తీసేయగానే నిలబడ్డ వాళ్లంతా ఒక్కసారే కూలబడతారు. చాయ్ ప్రభావం దిగిపోయాక వచ్చే నీరసం అదే.

చాయ్ తాగాక వచ్చే చురుకుదనం అబద్ధమని నేను అనడం లేదు. కాసేపు ధ్యాస నిలుస్తుంది, కునుకు ఆగుతుంది. అది నిజమే. కానీ ఒంట్లోకి కొత్త శక్తి ఏమీ రాలేదు. అలసట ఉన్న చోటే ఉంది, మనకు కబురు అందడం ఆగిందంతే. రోజూ తాగితే మెదడు కూడా ఊరుకోదు, అడెనోసిన్ కోసం ఇంకొన్ని సీట్లు వేసుకుంటుంది. అప్పుడు ఒక గ్లాసు సరిపోదు. ఒకరోజు మానేస్తే తలనొప్పి, చిరాకు. "చాయ్ పడకుంటే తలకాయ నొస్తది" అని మనం నవ్వుతూ అనే మాటకు కారణం ఇదే.

కొంచెం లెక్క వేసి చూద్దాం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో చెప్పిన ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పు చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫిన్ ఉంటుంది. అంతే ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 దాకా ఉంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దని ఆ సంస్థ సూచన. పిల్లల విషయంలో యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఒక లెక్క చెప్పింది. కిలో బరువుకు 3 మిల్లీగ్రాములకు మించకూడదు. నలభై కిలోల పిల్లకు అది రోజు మొత్తానికి 120 మిల్లీగ్రాములు. పొద్దున ఒక కప్పు, బడి నుంచి వచ్చాక ఒకటి, రాత్రి చిక్కగా ఒకటి. మూడో కప్పుతో ఆ గీత దాటిపోవచ్చు.

ఎంత తాగారన్నది ఒక ఎత్తు, ఎప్పుడు తాగారన్నది ఇంకో ఎత్తు. తాగిన కెఫిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కొందరికి మూడు, కొందరికి ఏడు. రాత్రి పదింటికి 60 మిల్లీగ్రాములు లోపలికి వెళితే, తెల్లవారుజామున మూడింటికి ఇంకా 30 తిరుగుతూ ఉంటుంది. పిల్ల పదకొండున్నరకు పడుకుంది కదా అని మనం అనుకుంటాం. కళ్లు మూసుకుంది, నిజమే. కానీ ఆ నిద్ర పలచన అవుతుంది. 2013లో అమెరికాలో పెద్దవాళ్ల మీద ఒక పరిశోధన జరిగింది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫిన్ తీసుకున్నా రాత్రి నిద్రలో గంటకు పైగా కోత పడింది. అది పెద్ద మోతాదే. అయితే మన పిల్లల ఒళ్లు చిన్నది, వాళ్ల గడువు ఆరు గంటలు కాదు, గంటన్నర.

మార్కులు నిద్రలో తయారవుతాయి

ఇది చాలామందికి వింతగా ఉంటుంది కానీ నిజం. పగలు చదివిన పాఠం ముందు మెదడులో హిప్పోకాంపస్ అనే చోట తాత్కాలికంగా నిలుస్తుంది. గాఢనిద్రలో మెదడు ఆ పాఠాన్ని మళ్లీ మళ్లీ తిరగేసి, ఎక్కువ కాలం నిలిచే చోటికి చేరుస్తుంది. కల్లంలో ఆరబోసిన వడ్లను రాశి చేసి ఇంటికి తెచ్చుకోవడం లాంటి పని అది. పంట పండించి, తెచ్చుకోకుండా చేలోనే వదిలేస్తే ఎంత నష్టమో రైతుకు చెప్పనక్కర్లేదు. రాత్రి పన్నెండు దాకా మేలుకొని చదివిన పిల్ల పొద్దున పరీక్షలో "చదివిన సార్, గుర్తుకొస్తలేదు" అంటే ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పైగా ఈడు వస్తున్న పిల్లలకు ఒంట్లోని గడియారమే గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. నిద్ర ఆలస్యంగా వస్తుంది, పొద్దున మెలకువ రాదు. దానికి తోడు మనం చాయ్ ఇస్తే, ఉన్న కాస్త నిద్రనూ మన చేత్తో కోసినట్టే.

"మేమూ చాయ్ తాగే పెరిగినం సార్, ఏమైంది?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. మీరు తాగింది ఎప్పుడో గుర్తు చేసుకోండి. చాలా ఇళ్లలో పొద్దున పూట, అరగ్లాసు. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిని, తొమ్మిదింటికి పడుకునేవాళ్లు. పదకొండు దాకా పుస్తకం, ఆ తర్వాత దుప్పటి కింద ఫోను మీకు లేవు. గ్లాసు అదే, రాత్రి మారింది.

పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో నైట్ డ్యూటీ చేసే తండ్రులు మనలో చాలామంది ఉన్నారు. రాత్రి రెండింటికి మిషన్ దగ్గర కునుకు వస్తే చేతికే ప్రమాదం. ఆ చాయ్‌ని నేను తప్పు పట్టను. ఒక్క సూచన మాత్రం చేస్తాను. ఆ చాయ్ డ్యూటీ మొదటి సగంలో తాగండి. తెల్లవారుజామున తాగితే ఇంటికి వచ్చాక మీ పగటి నిద్ర పాడవుతుంది. ఇంకో మాట. మీరు మేలుకోవడం మీ బతుకుదెరువు. పిల్లలు నిద్రపోవడం వాళ్ల చదువులో భాగం. ఈ రెంటినీ ఒక్క గ్లాసుతో కొలవకూడదు.

ఇరవై రూపాయల సీసా

ఇప్పుడు కిరాణం దుకాణాల్లో, హైవే మీది హోటళ్లలో ఎర్రటి, నీలపు ఎనర్జీ డ్రింకుల సీసాలు వరుసగా కనిపిస్తాయి. ఇరవై రూపాయలకే దొరుకుతాయి. కబడ్డీ ఆడే పిల్లలు, ట్యూషన్‌కు పోయే పిల్లలు కూల్‌డ్రింక్ అనుకొని తాగుతున్నారు. అది మామూలు కూల్‌డ్రింక్ కాదు. మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఇలాంటి పానీయంలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫిన్ ఉండొచ్చు. అంటే పావులీటరు సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా, పైన చక్కెర అదనం. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని సీసా మీదే రాయాలి. ఆ అక్షరాలు చిన్నవి, అవి ఎవరి కోసం రాశారో ఆ పిల్లలు చదవరు. చదవాల్సింది మనం. ఈ రోజే ఒక సీసా చేతిలోకి తీసుకొని వెనకవైపు తిప్పి చూడండి.

చాయ్‌ని వేడివేడిగా ఊదుకుంటూ తాగుతాం, దానికే కాసేపు పడుతుంది. ఈ సీసా చల్లగా, తియ్యగా ఉంటుంది, రెండు గుక్కల్లో అయిపోతుంది. గుండె దడ, చేతులు వణకడం, కడుపులో మంట, ఊరికే చిరాకు కనిపిస్తే దిష్టి తగిలిందనుకోవడానికి ముందు, బడి అయ్యాక ఏం తాగాడో అడగండి.

పొగాకు లెక్క వేరు

మనది పత్తి పండే నేల. పత్తికి పచ్చదోమ, పేనుబంక పడితే కొట్టే ఇమిడాక్లోప్రిడ్ పేరు మీలో చాలామందికి తెలుసు. అది నియోనికోటినాయిడ్ అనే తరగతికి చెందిన మందు. ఆ పేరులోనే నికోటిన్ ఉంది చూడండి. పొగాకు మొక్క తనను తినే పురుగులను చంపడానికి తయారు చేసుకున్న విషం నికోటిన్. పూర్వం రైతులు పొగాకు కషాయం కాచి పంట మీద చల్లింది అందుకే. ఆ విషం పురుగు నరాల మీద ఏ గ్రాహకాలను పట్టుకుంటుందో, నేటి పత్తి మందు కూడా అక్కడే పట్టుకుంటుంది. మనిషి మెదడులోనూ ఆ జాతి గ్రాహకాలే ఉన్నాయి. బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, జర్దా, ఏ రూపంలో వచ్చినా నికోటిన్ వెళ్లేది వాటి దగ్గరికే.

కెఫిన్ సీటు మీద దస్తీ వేసి ఊరుకుంటుంది. నికోటిన్ అలా కాదు. ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు సొంత రసాయనం కూర్చోవాల్సిన చోట తాను కూర్చొని, స్విచ్చి నొక్కుతుంది. దాంతో డోపమైన్ విడుదలవుతుంది. ఆకలేసినప్పుడు అన్నం తిన్నా, ఆట గెలిచినా, అమ్మ మెచ్చుకున్నా మెదడు ఇచ్చుకునే బహుమానం డోపమైన్. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఏ కష్టం లేకుండా బహుమానం దొరికిందని మెదడు నేర్చుకుంటుంది. నోట్లో పెట్టుకునే పొగాకు కాస్త నెమ్మది, కానీ ఎక్కువసేపు అందుతూనే ఉంటుంది. అందులో సున్నం కలపడం రుచికే కాదు, నికోటిన్ చర్మం గుండా తొందరగా దిగడానికి కూడా.

రెండు గంటల్లో ఆ నికోటిన్ సగమైపోతుంది. అప్పుడు చిరాకు, బెంగ, ధ్యాస నిలవకపోవడం మొదలవుతాయి. ఇంకొకటి తాగితే తగ్గుతాయి. "టెన్షన్ తగ్గుతది" అనేవాళ్లకు చెప్పాల్సింది ఇదే. ఆ టెన్షన్‌లో పెద్ద వాటా పోయిన సిగరెట్ తెచ్చిపెట్టిందే.

పిల్లల దగ్గర ఇది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నుదుటి వెనక ఉండే మెదడు భాగమే మనల్ని ఆపుతుంది, ఆలోచింపజేస్తుంది, "వద్దు" అనిపిస్తుంది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్లు వస్తాయి. బహుమానం కోరే భాగం మాత్రం పదిహేనేళ్లకే పరుగెడుతూ ఉంటుంది. బ్రేకులు బిగించకముందే ఇంజను సిద్ధమైన బండి లాంటిది ఆ వయసు. ఆ సమయంలో నికోటిన్ తగిలితే మెదడు దాని చుట్టూ అల్లుకుంటూ పెరుగుతుంది. రోజూ తాగే దశకు రాకముందే కొందరు పిల్లల్లో వ్యసన లక్షణాలు కనిపిస్తాయి.

"మా పిల్లలు చిన్నోళ్లు సార్" అనుకోవద్దు. 2019లో దేశవ్యాప్తంగా 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల మీద జరిగిన యువత పొగాకు సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఎప్పుడైనా సిగరెట్ తాగినవాళ్లలో 38 శాతం, బీడీ తాగినవాళ్లలో 47 శాతం, నమిలే పొగాకు వాడినవాళ్లలో 52 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్లంటే అయిదో తరగతి.

"పో బిడ్డా, రెండు సిగరెట్లు పట్టుకరా"

పదేళ్ల పిల్లవాడికి ఎవరు ఇచ్చారు? దీనికి జవాబు మనకు నచ్చదు. పొగాకు ఉత్పత్తులను పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదని, విద్యాసంస్థకు వంద గజాల లోపు అసలు అమ్మకూడదని 2003 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. పిల్లల చేతికి పొగాకు ఇచ్చేవారికి ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుందని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఈ-సిగరెట్లను దేశమంతటా 2019లోనే నిషేధించారు. గుట్కా మీద మన రాష్ట్రం ఏళ్ల తరబడి నిషేధ ఉత్తర్వులు ఇస్తూనే ఉంది.

చట్టాలు ఇన్ని ఉన్నా, ఆదివారం మధ్యాహ్నం తండ్రి మంచం మీద కూర్చొని ఇరవై రూపాయలు చేతికిచ్చి పాన్ డబ్బాకు పంపిస్తే ఏం లాభం? ఏడో తరగతి పిల్లవాడు నాన్న కోసం సిగరెట్ తెస్తాడు. దుకాణదారుడికి వాడి ముఖం అలవాటవుతుంది. తొమ్మిదో తరగతికి వచ్చాక అదే పిల్లవాడు తన కోసం వెళితే ఆ దుకాణదారుడు ఏమీ అడగడు. అడగకుండా ఉండటం వాడికి మనమే నేర్పాం. తాగే తండ్రులు ఈ నెలలో మానేయలేకపోవచ్చు, అది ఎంత కష్టమో పైన రాసిందే చెబుతుంది. కానీ పిల్లవాణ్ణి పంపకుండా ఉండటం ఈ రోజే చేయొచ్చు.

మన ఉమ్మడి మెదక్‌లో సిద్దిపేట, దుబ్బాక వైపు బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ఎందరో ఉన్నారు. ఆ కష్టానికి దండం పెడతాను. అలాంటి చుట్టాలు మీ ఇంట్లో ఉంటే ఒక్క జాగ్రత్త చెప్పండి. పొగాకు చాట పిల్లలు పడుకునే గదిలో ఉండకూడదు, చుట్టాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తడి చర్మం గుండా కూడా నికోటిన్ లోపలికి పోతుంది.

మా వంతు

వేలు మీవైపే చూపించి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. పిల్ల రాత్రి పదకొండు దాకా ఎందుకు మేలుకుంటోంది? మేమిచ్చిన పని అవ్వక. స్టడీ అవర్ ముగిసి, బస్సు ఎక్కి, ఇల్లు చేరి, అన్నం తినేసరికి ఏ వేళ అవుతుందో మీకంటే ఎవరికి తెలుసు? దాని మీద ఒక్కో సబ్జెక్టు సారు తన వర్క్ ఒక్కటే ఉన్నట్టు ఇస్తే, ఆరు సబ్జెక్టులు కలిసి ఒక చాయ్ గ్లాసు అవుతాయి. ఉపాధ్యాయులందరం కలిసి మాట్లాడుకొని ఇంటిపనికి రోజువారీ హద్దు పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. మన సొంత పత్రికలోనే రాస్తున్నాను, మీరూ సమావేశంలో గట్టిగా అడగండి. మీ పాప పది తర్వాత మేలుకోవాల్సి వచ్చిన రోజు డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. అలాంటి వాక్యాలు పోగైతే ఎవరూ పక్కన పెట్టలేరు.

ఈ నెలలోనే చేయగలిగినవి

పన్నెండేళ్ల లోపు పిల్లలకు చాయ్, కాఫీ అవసరం లేదు. పాలు, మజ్జిగ, రాగి జావ చాలు. పెద్ద పిల్లలు తాగితే పొద్దున ఒక్క కప్పు. బడి నుంచి వచ్చాక వద్దు.

అన్నం తినడానికి గంట ముందు, తిన్నాక గంట వరకు చాయ్ వద్దని పోషకాహార సంస్థ చెబుతోంది. చాయ్‌లోని టానిన్లు తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఎదిగే ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇనుము తక్కువైతే క్లాసులో ధ్యాస కూడా నిలవదు.

ఇప్పటికే మూడు నాలుగు కప్పుల అలవాటు ఉంటే ఒక్కసారి ఆపకండి. రెండు వారాల్లో కప్పు కప్పుగా తగ్గించండి. మధ్యలో తలనొప్పి, చిరాకు వస్తే కొద్ది రోజుల్లో పోతాయి.

పిల్లవాడి సంచిలో పొగాకు కనిపిస్తే ముందు కొట్టకండి. కొడితే దాచడం నేర్చుకుంటాడు. ఎప్పటి నుంచి, ఎవరితో, ఎందుకు అని నెమ్మదిగా అడగండి. మాకూ చెప్పండి. ఆ సంగతి టీసీ దాకా పోదు, మాట్లాడటం దాకానే పోతుంది. మానాలనుకునే పిల్లలకైనా, తండ్రులకైనా జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది. ఆ ఫోన్‌కు డబ్బు పడదు.

చివరగా ఆ రోజు ప్రశ్న అడిగిన తల్లికి నా జవాబు. అమ్మా, పిల్ల కోసం మీరు కూడా మేలుకొని పొయ్యి వెలిగించడంలో ఉన్నది ప్రేమే, అది తప్పు కాదు. కానీ కళ్లు మూతలు పడుతున్నాయని పిల్ల అన్నప్పుడు చాయ్ పెట్టకండి. పుస్తకం మూయించి, లైటు ఆర్పి పడుకోబెట్టండి. పొద్దున ఆరింటికి లేపండి. మిగిలిపోయిన పని గురించి బడిలో ఎవరైనా అడిగితే, బయాలజీ సారు పడుకోమన్నాడని చెప్పమనండి.

మీ
జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
జోగిపేట శాఖ